మార్క్ మీద వేసిన పాపం

అమీర్‌పేట,
30 మార్చి 2020

తమ్ముడు సాలమన్‌కు,

షాలోం. నువ్వూ మరదలు అనుపమా తెనాలిలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. తలచడం తప్ప తెలుసుకునే దారి లేకుండా చేశావు. వాట్సాప్ గ్రూపులోంచి వెళ్లిపోయావు, ఫోన్ చేస్తే ఎత్తవు. అందుకని నాన్న పద్ధతికి వచ్చాను. ఆర్ఎంఎస్‌లో ఊళ్లవారీగా ఉత్తరాలు విడగొట్టీ విడగొట్టీ ఆయన ఒక సిద్ధాంతం కనిపెట్టాడు కదా, కోపమొచ్చినవాళ్లు మాట్లాడుకోకూడదు, రాసుకోవాలి, డబ్బాలో వేసేలోపే సగం చల్లారుతుంది అని. ఈ లాక్‌డౌన్‌లో డబ్బా దాకా వెళ్లడానికే ఇద్దరు పోలీసులకు సంజాయిషీ చెప్పుకోవాలి. అయినా నాది చల్లారలేదు.

నీ అభియోగం కూడా నేనే రాసి పెడతాను. ఎర్రమంజిల్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైనదాన్ని, ఎదుటి పక్షం ఫైలు కూడా నేనే తయారుచేయగలను. శుక్రవారం పొద్దు గుంకింది మొదలు శనివారం పొద్దు గుంకేదాకా సబ్బాతు, పొయ్యి ముట్టించకూడదు, స్విచ్ నొక్కకూడదు అని నాన్న నేర్పితే, అక్క సబ్బాతు ప్రార్థన జూమ్‌లో నడుపుతోంది. ఇంతేనా, ఇంకేమైనా చేర్చాలా?

ఇప్పుడు నా జవాబు. మైత్రీవనం వెనక సందులో, జావా నేర్పే కోచింగ్ సెంటర్ పైన మన ప్రార్థన గదికి తాళం పడింది. ఓనరు చక్రపాణి గారు మంచివారే. మనం యూదులమని ఎన్నిసార్లు చెప్పినా "అంటే క్రైస్తవుల్లో ఏ మిషన్ అండీ" అని ఇప్పటికీ అడుగుతారు. మంచితనం వేరు, తాళం వేరు. మరి మేం ఏం చేయాలి? ఊళ్లో ఉన్న నాలుగు కుటుంబాలం ఎవరి గోడకు వాళ్లం దణ్ణం పెట్టుకోవాలా?

మన సంఘంలోని సుమిత్ర భర్త మార్క్ దారి చూపించాడు. పొద్దు ఉండగానే అందరం ఫోన్లు ఆన్ చేసి గోడకు ఆనించేస్తాం. తర్వాత ముట్టుకోం. చార్జింగ్ అయిపోతే దైవచిత్తం. మొదటి వారం ఒకరింట్లో కుక్కర్ కూత, ఇంకొకరింట్లో టీవీ. కీర్తన ఎవరు చదువుతున్నారో దేవుడికైనా తెలిసిందో లేదో. ఎవరో ఒకరు గొంతులు ఆపడం, తెరవడం చూసుకోవాలి కదా. అప్పుడు మార్క్ అన్నాడు: "అక్కా, గా బటన్లు ఒత్తే పాపమేందో ఒక్కని మీదనే వెయ్యుండ్రి. నా మీద వెయ్యుండ్రి. మీరంత సాఫ్‌గ ఉండుండ్రి." ముందే అందరి దగ్గరా అనుమతి తీసుకుని, ఎవరి వంతు వస్తే వాళ్లది తనే తెరుస్తున్నాడు. శుక్రవారం మొత్తం మీద అతను అనే మాట ఒక్కటే: "మ్యూట్ తీసిన, ఇగ సదువుండ్రి."

ఇక్కడి సంగతి టీవీలో చూసే ఉంటావు. హాస్టళ్లు ఖాళీ చేయమంటే పిల్లలంతా పెట్టెలతో పంజాగుట్టలో పాసుల కోసం నిలబడ్డారు. పాసు దొరికినవాళ్లను సరిహద్దు దగ్గర ఆపేశారు, దొరకనివాళ్లను ఇక్కడ ఆపేశారు. మా సందులో ఒక హాస్టలు ఓనరు, ఆడపిల్లలు కదలడం లేదని నీళ్లు కట్టేశాడు. నేనూ, శ్రీనగర్ కాలనీ బళ్లో పాఠాలు చెప్పే సుమిత్రా వెళ్లి ఆ మెట్ల మీద మాస్కులు కట్టుకుని కూర్చున్నాం. అరవైదాటిన దాన్ని ఈడ్చేస్తే బాగుండదని ఆయనకు తోచినట్టుంది, నీళ్లు వదిలాడు. వాళ్లకి రెండు పూటలా వండి పెడుతున్నాం. ఇది కూడా సబ్బాతుకు విరుద్ధమైతే రాయి.

నీ అక్క, పాపంలో ఉన్న
యూనిస్


తెనాలి,
24 ఏప్రిల్ 2020

అక్కయ్యకు,

నీ ఉత్తరం పస్కా పండగ దాటాక చేరింది. నాన్న ఉద్యోగంలో ఉండగా అయితే ఇంత ఆలస్యం జరిగేది కాదు. లాక్‌డౌన్ అన్నా ఒప్పుకునేవాడు కాదు.

పస్కా అంటే గుర్తొచ్చింది. ఆ వారం పులిసిన పిండి ఇంట్లో ఉండకూడదని నాన్న గ్రైండర్‌కు గుడ్డ కట్టి అటక ఎక్కించేవాడు. మిగిలిన ఇడ్లీ పిండి పక్కింటికి పోయేది. ఆ వారమంతా నువ్వే ఎక్కువ ఏడ్చేదానివి. మొన్న బంధువులెవరో అనుపమకు ఒక ఫోటో పంపారు. సరిగ్గా పస్కా ఐదో రోజున, మన ప్రార్థన గది కిందే, ఇడ్లీ గిన్నెతో యూనిస్ అక్కయ్య. గిన్నె పెద్దదే. నవ్వు అంతకంటే పెద్దది. మీది ప్రార్థన సంఘమా, టిఫిన్ సెంటరా? మెట్ల మీద బైఠాయింపు కూడా ఉంది కాబట్టి కార్మిక సంఘం అనుకోవాలా?

ఇక మీ మార్క్ విషయం. అతను పెళ్లితో మనలోకి వచ్చినవాడు. వాళ్లన్నలు ఇప్పటికీ బాప్టిస్టు చర్చిలో పాటలు పాడుతున్నారు. సువార్త రాసినాయన పేరు పెట్టుకుని తిరిగేవాడి చేతిలో సబ్బాతు తాళాలు పెట్టావు. పోనీ, ఊరుకున్నాడా? నాకు ఫోన్ చేశాడు. కొత్త నంబరు కదాని ఎత్తాను. "అన్నా, జూమ్ గిట్ల ఓపెన్ చెయ్యాలె" అని పాఠం మొదలుపెట్టాడు. నీలం బొమ్మ నొక్కాలన్నాడు, లింకు అన్నాడు, పేరు అన్నాడు. ఆ తర్వాత మైకు గుర్తు అని ఏదో అనబోతుంటే పెట్టేశాను. ముప్ఫై ఏళ్లు నేను ఒకరికి పాఠం చెప్పానే గానీ మధ్యలో ఎవరి చేతా చెప్పించుకోలేదు.

అసలు విషయం చెబుతాను. జూలైలో నాన్న జ్ఞాపక దినం. పోయే ముందు ఆయన అడిగింది ఒక్కటే, ఏటా ఆ రోజు నువ్వూ నేనూ పక్కపక్కన నిలబడి తన కోసం కద్దిష్ చదవాలని. ఇన్నేళ్లుగా ఒక ఏడు నేను అక్కడికి, ఒక ఏడు నువ్వు ఇక్కడికి వస్తూనే ఉన్నాం. పోయినవాళ్ల కోసం చదివే ఆ ప్రార్థనకు పది మంది ఉండాలి, ఒక్క గదిలో ఉండాలి. నేను లెక్కల మాస్టారిని. నాకు పది అంటే పదే. ఫోన్లో పది బొమ్మలు పదిమంది కారు. నువ్వు ఎలాగోలా బయల్దేరి రా. లేదా నేనొస్తాను. తెర మీద మాత్రం నాన్న పేరు ఎత్తకు.

నీ తమ్ముడు
సాలమన్


అమీర్‌పేట,
17 మే 2020

తమ్ముడు సాలమన్‌కు,

షాలోం. ఇడ్లీ కేసులో నా వాంగ్మూలం: పిండి మనింట్లో పులియలేదు. చక్రపాణి గారి వంటగదిలో, ఆయన గిన్నెలో, ఆయన మినప్పప్పుతో పులిసింది. నేను మూత తీశాను. హరిణి అని కాకినాడ పిల్ల, ఇరవై రోజులుగా కిచిడీ తిని తిని, ఒకనాడు పళ్లెం ముందు పెట్టుకుని ఏడ్చింది. దానికి పులియని రొట్టె మహిమ చెప్పి ఉండాల్సిందే. నేను ఇడ్లీ పెట్టాను. ప్రతి పస్కాకీ ఐగుప్తులో మనం పరాయివాళ్లం అని చదువుకుంటాం కదా. చదివి పుస్తకం మూసెయ్యడమేనా? నాన్న బతికి ఉంటే గ్రైండర్ అటక మీంచి దింపేవాడని నా నమ్మకం. నువ్వు కాదంటావు. అడగడానికి ఆయన లేడు, అదే నీ అదృష్టం.

ఎలాగోలా బయల్దేరి రమ్మన్నావు. బస్సు లేదు, రైలు లేదు, సరిహద్దులో పరీక్షలు. నడిచి రానా? ఎర్రసముద్రం చీలింది గానీ కృష్ణానది చీలుతుందన్న హామీ ఎక్కడా చూడలేదు.

పది సంగతి. మాలో ఆడా మగా కలిస్తే, మార్క్‌తో కలిపి, సరిగ్గా పది. ఆడవాళ్లను కలపకూడదంటావు, మార్క్‌ను కలపకూడదంటావు, తెర మీద ఉన్నవాళ్లను కలపకూడదంటావు. నీ లెక్క ప్రకారం హైదరాబాదులో యూదుడనేవాడే లేడు. చక్రపాణి గారు కూడా సరిగ్గా అదే అంటారు. మీ ఇద్దరికీ బాగా కుదురుతుంది.

తమ్ముడూ, ఒక్క మాట వెటకారం లేకుండా రాస్తాను. నాన్న రోజున నువ్వు అక్కడి నుంచి, నేను ఇక్కడి నుంచి, ఒకే సమయానికి మొదలుపెడదాం. అనుపమ ఫోను చాలు. అది శుక్రవారం కాదు, సబ్బాతు గొడవ లేదు. నాన్న పక్కపక్కన అన్నాడు. మధ్యలో గోడ ఉండకూడదని ఆయన అనలేదు కదా. ఆలోచించు.

నీ అక్క
యూనిస్

తా.క. ఆలోచించకుండా జవాబు రాస్తావని తెలుసు. అందుకే మళ్లీ రాస్తున్నాను, ఆలోచించు.


తెనాలి,
27 జూలై 2020

అక్కయ్యకు,

ఆలోచించాను. కుదరదనిపించింది. అందుకే రాలేదు.

నాన్న జ్ఞాపక దినం ఇక్కడ పద్ధతి ప్రకారం జరిగింది. మన వీధి గదిలో పది కుర్చీలు, ఎడం ఎడంగా. శాలువా కప్పుకుని నిలబడి కద్దిష్ చదివాను. తడబడకుండా చదివాను. నాన్న ఊపిరి తీసుకునేచోటే ఊపిరి తీసుకున్నాను. అంతా శాస్త్రోక్తంగా ఉంది. అనుపమ పాయసం చేసింది.

మీ దగ్గర కూడా ఏదో జరిగే ఉంటుంది. జూమ్ వాళ్లు మంచి సిగ్నల్ ఇచ్చి ఉంటారని ఆశిస్తాను.

నీ తమ్ముడు
సాలమన్


అమీర్‌పేట,
16 ఆగస్టు 2020

తమ్ముడు సాలమన్‌కు,

పది కుర్చీలు నిండినందుకు, పాయసం కుదిరినందుకు సంతోషం. నేనొక్కదాన్నే పక్కన లేను, ఆ లోటు ఎవరికీ తెలిసినట్టు లేదు. మా దగ్గర కూడా దివ్యంగా జరిగింది. పది గడులూ వెలిగాయి. సిగ్నల్‌కు ఢోకా లేదు. నేనే మొదలుపెట్టాను. ఇంతకంటే వివరాలు శాస్త్రోక్తంగా ఉన్నవాళ్లకు అనవసరం.

హాస్టలు పిల్లల్లో చాలామంది ఊళ్లు చేరారు. హరిణి కాకినాడ నుంచి ఫోన్ చేసి, వాళ్లమ్మ ఇడ్లీ కంటే నాదే బాగుందని అబద్ధం చెప్పింది. హాస్టళ్లవాళ్లు అర్ధాంతరంగా నీళ్లూ కరెంటూ ఆపకూడదని సుమిత్ర ఒక అర్జీ రాసి కాలనీలన్నీ తిప్పి సంతకాలు పెట్టిస్తోంది. మార్క్ హిబ్రూ అక్షరాలు తెలుగులో రాసి, ఆ పిల్లలకు ఆదివారాలు ఫోన్లో నేర్పిస్తున్నాడు. వాళ్లు దాన్ని జావా కంటే తేలిక అంటున్నారట. మాకు గది లేదు, పాటలు మాత్రం పెరిగాయి.

ఇక నీకు రాయను. నీకు అక్కడ అన్నీ సరిగ్గా ఉన్నాయి కదా, ఉత్తరాలు దండగ.

యూనిస్


తెనాలి,
4 మే 2021

అక్కయ్యకు,

రాయనన్నావు, మాట నిలబెట్టుకున్నావు. మన వంశంలో ఇది కొత్త. ఇంత కాలానికి నేనే రాస్తున్నాను.

ఇక్కడ పరిస్థితి బాగాలేదు. మన పెద్దల్లో ఇద్దరు వారం తేడాలో పోయారు. ఇద్దరూ నాన్నతో పాటు చర్చి వదిలి, మేం యూదులం అని బయటికి వచ్చినవాళ్లే. పూడ్చడానికి నలుగురిని రానిచ్చారు. కద్దిష్ చదవలేదు. ఎవరితో చదవాలి?

మీ మార్క్ బండి మీద ఆక్సిజన్ సిలిండర్‌తో ఉన్న ఫోటో చూశాను. శనివారం నాడు. ప్రాణం కాపాడటానికి సబ్బాతు మీరవచ్చని నాకు తెలియదనుకోకు, ఆ పాఠం నేనూ చదివాను. సిలిండర్ మోయడం ప్రాణం కోసం. ఫోటో దిగడం ఎవరి ప్రాణం కోసం? అయినా జాగ్రత్తగా ఉండమని చెప్పు. నేను చెప్పానని చెప్పకు.

నాన్న రోజు మళ్లీ దగ్గరపడుతోంది. పోయిన ఏడు లాగే ఇక్కడ నేను చూసుకుంటాను.

నీ తమ్ముడు
సాలమన్

వదినగారికి అనుపమ నమస్కరించి రాయునది. ఈయన కవరు అంటించి డబ్బాలో వేయమని నాకిచ్చారు. పోయిన ఏడు లాగే అన్న మాట చదివాక మనసొప్పక విప్పి రాస్తున్నాను. పోయిన ఏడు ఎవరూ రాలేదు వదినగారూ. కరోనా భయానికి ఒక్కరూ గడప దాటలేదు. పది కుర్చీలు వేసిన మాట నిజం. ఒక్క దాని ముందే మనిషి ఉన్నాడు. పుస్తకం తెరిచి, కాసేపు నిలబడి, మూసేశారు. పది మంది లేకుండా చదవకూడదు కదా. పాయసం కూడా నేను చేయలేదు.


అమీర్‌పేట,
2 జూన్ 2021

తమ్ముడు సాలమన్‌కు,

ఈ ఉత్తరంలో వెటకారం తగ్గితే చేతకాక అనుకో.

మార్క్ పోయాడు. మే పదిహేడున. నెల మొదట్లో మాసబ్ ట్యాంక్ దగ్గర ఎవరో సిలిండర్ ఇస్తున్నారంటే వెళ్లి తెచ్చి, ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో ఒక ముసలాయనకు బిగించి వచ్చాడు. ఆ సాయంత్రమే జ్వరం. ఆ ముసలాయన కోలుకున్నాడు, మొన్న మార్క్ ఎలా ఉన్నాడని ఫోన్ చేశాడు. నంబరు తప్పని చెప్పి పెట్టేశాను.

మట్టిలో పెట్టేదాకా శవాన్ని ఒంటరిగా వదలకూడదని నాన్న నేర్పాడు కదా. లోపలికి రానివ్వలేదు. మార్చురీ గోడకు ఇవతల, చెట్టు కింద నేనూ సుమిత్రా వంతులు వేసుకుని కీర్తనలు చదువుతూ కూర్చున్నాం. నారాయణగూడ సమాధుల తోటలో వాళ్ల నాన్న పక్కనే చోటు దొరికింది. వాళ్లన్నలు పాట పాడారు, మేం కీర్తన చదివాం. రెండూ దావీదువే కాబట్టి గొడవ కాలేదు. అక్కడికి రానిచ్చింది కొద్దిమందినే. కద్దిష్ జరగలేదు.

సుమిత్ర ఇంతవరకు నన్ను అడిగింది అదొక్కటే. ముప్ఫై రోజులు నిండేలోపు ఆయనకు కద్దిష్ చదవండి అక్కా అంది. నేను లెక్క వేశాను. ఆడా మగా అందరినీ కలిపినా తొమ్మిది. మా పదో మనిషి మార్కే. సంగతి తెలిసి చక్రపాణి గారు "నేను కూర్చుంటానండీ, గోత్రం చెప్పాల్సి ఉంటుందా" అని అడిగారు. ఆయన్ని చూసి ఏడుపొచ్చింది. కుదరదని ఎలా చెప్పానో గుర్తులేదు.

అనుపమ రాసింది చదివాను. దాన్నేమీ అనకు. నాది కూడా విను. పోయిన ఏడు పది గడులూ వెలిగాయి, సిగ్నల్ బాగుంది, నేనే మొదలుపెట్టాను, అన్నీ నిజమే. మొదటి పాదం దాటలేకపోయాను. పక్కన నీ గొంతు లేకపోతే రెండో పాదం నాకు రాదని అరవై ఏళ్లు దాటాక తెలిసింది. మార్క్ ఏమో "అక్కా, మ్యూట్ తీసిన గద, ఇనవడుతలేదు" అన్నాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అడిగాడు. నెట్ పోయిందని అబద్ధం చెప్పి ఫోన్ ఆపేశాను. కాబట్టి పోయిన ఏడు నాన్నకు తెనాలిలోనూ కద్దిష్ లేదు, అమీర్‌పేటలోనూ లేదు. పద్ధతి మాత్రం ఇద్దరమూ కాపాడాం.

పదమూడో తారీఖు ఆదివారం, సాయంత్రం ఆరింటికి. సబ్బాతు కాదు. లింకు అనుపమ ఫోనుకు పంపిస్తాను. మార్క్ పుట్టుకతో మనవాడు కాదని మళ్లీ రాయకు. నువ్వు రాకపోతే మేం తొమ్మిది మందిమి కూర్చుని, లేచిపోతాం.

నీ అక్క
యూనిస్


అమీర్‌పేట,
14 జూన్ 2021

తమ్ముడు సాలమన్‌కు,

షాలోం. నిన్న నువ్వు చదవగానే కట్ చేసి వెళ్లిపోయావు కాబట్టి జరిగింది రాయాల్సి వస్తోంది.

ఆరు దాటినా నువ్వు రాలేదు. తొమ్మిది గడులే. ఇక లేద్దామనుకుంటుండగా పదో గడి వెలిగింది. పేరు చూస్తే "అనుపమ రెడ్‌మీ". అందులో మీ వీధి గది ఫ్యాను, దాని కింద నీ నుదురు. నుదురంటే సగమే. పోల్చుకోవడానికి అది చాలు. ఆ గీతలు నాన్నవి.

నువ్వు శాలువా సర్దుకున్నావు, నుదురు కనుబొమల దాకా పైకి లేచింది. చదవడం మొదలుపెట్టావని నాకు తెలిసింది. మాకు ఒక్క ముక్క వినపడలేదు. ఆ పేరు పక్కన మైకు మీద ఎర్ర గీత ఉంది. మ్యూట్‌లో చదువుతున్నావు నాయనా.

చెప్పాల్సింది. చెప్పడానికి అరక్షణం చాలు. తొమ్మిది మందిమీ తెర వంక చూస్తూ ఉండిపోయాం. మార్క్ చెబుతాడని చూస్తున్నామని నాకు కాసేపటికి అర్థమైంది. మార్క్ లాప్‌టాప్ ముందు సుమిత్ర కూర్చుంది. దాని చెయ్యి బటన్ దాకా వెళ్లి ఆగిపోయింది. నీ చదువు మధ్యలో ఆపడానికి దానికి మనసొప్పలేదట, తర్వాత చెప్పింది.

అప్పుడు నేను నీ నుదురు పట్టుకున్నాను. నాన్న మనిద్దరినీ చెరొక మోకాలి దగ్గరా నిలబెట్టుకుని నేర్పిన ప్రార్థన. నువ్వెక్కడ ఊపిరి తీసుకుంటావో నాకు తెలుసు, అక్కడ నీ కనుబొమలు ఎగురుతాయి. అక్కడ ఆమేన్ అన్నాను. మిగతావాళ్లూ నాతో అన్నారు. అలా చివరిదాకా. నాకు రాని రెండో పాదం కూడా నీ నుదుటి మీద చూసి లోపల చదివేశాను.

నువ్వు వెళ్లాక సుమిత్ర "అన్న మంచిగ సదివిండు" అంది. తర్వాత ఏడ్చింది. ఇన్ని రోజుల్లో అది ఏడవడం అదే మొదటిసారి.

నువ్వు లెక్కల మాస్టారివి. ఎవరికీ వినపడని కద్దిష్ లెక్కలోకి వస్తుందో రాదో నువ్వే చెప్పు. నేనైతే వచ్చిందనే అనుకుంటున్నాను. నువ్వు కాదంటే ఈసారి నీతో గొడవపడే ఓపిక నాకు లేదు.

నీ అక్క
యూనిస్


తెనాలి,
22 జూన్ 2021

అక్కయ్యకు,

నీ ఉత్తరం చదివేదాకా నేను మ్యూట్‌లో ఉన్నానని నాకు తెలియదు. మీ ఆమేన్లు మాత్రం నాకు వినపడ్డాయి. ఒక్కటి కూడా చోటు తప్పలేదు. నా గొంతు మీకు చేరుతోందనే అనుకున్నాను. కట్ చేయడం కాదు, ఎర్ర బొమ్మ నొక్కితే మీరంతా పోయారు. తర్వాత కాసేపు మీరు వస్తారేమోనని ఆ ఫోను పట్టుకుని కూర్చున్నాను. అనుపమ నవ్వింది.

లెక్కలోకి వస్తుంది. పది మంది ఉన్నారు, చదవడం జరిగింది, ఆమేన్ అన్నారు. దీనికి నేను ఏ పుస్తకమూ తిరగేయలేదు.

పోయిన ఏడు గురించి నువ్వు రాసింది చదివాను. నేను కుర్చీలు వేసి నిన్ను ఏడిపించాను, నువ్వు గడులు వెలిగించి నన్ను ఏడిపించావు. నాన్న మాత్రం ఖాళీ చేతులతో ఉండిపోయాడు. నాకు సిగ్గుగా ఉంది అక్కా.

వచ్చే నెల ఆయన రోజుకు నేను అమీర్‌పేట వస్తున్నాను. రైళ్లు నడుస్తున్నాయి, టికెట్ తీశాను. చక్రపాణి గారు తాళం తీస్తారేమో అడుగు, తీయకపోతే మీ వరండా చాలు. నేను నీ పక్కన నిలబడతాను. రెండో పాదం నేనందిస్తాను. సుమిత్ర ఒప్పుకుంటే నారాయణగూడ కూడా వెళ్దాం.

నేను వచ్చేస్తే ఇక్కడ అనుపమ, మిగిలిన పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటారు. వాళ్లను ఫోన్లో కలుపుకోవాలి. ఆ రోజుకే కాదు, ఆ తర్వాత శుక్రవారాలకు కూడా. ఇక్కడివాళ్లకు పొయ్యి మీద ఏదో ఒకటి ఎప్పుడూ కూస్తూనే ఉంటుంది, కాబట్టి గొంతులు ఆపడం, తెరవడం చూసే మనిషి ఒకడు కావాలి. ఆ పాపం ఇక నా మీద వేయి.

బటన్ ఎక్కడుందో సుమిత్రను చూపించమను. అప్పుడు ఫోన్లో మార్క్ అదే చెప్పబోయాడు. ఈసారి చివరిదాకా వింటాను.

నీ తమ్ముడు
సాలమన్